రావినూతల నుంచి వచ్చిన విలన్
(తెర మీది ప్రతినాయకులు – 9వ భాగం)

కిందటి భాగంలో కావలి రాజనాల కథ చెప్పుకున్నాం. రెవెన్యూ శాఖలో ఉద్యోగం, దాని పక్కనే నాటకాల పిచ్చి, 1953లో ‘ప్రతిజ్ఞ’తో తెరప్రవేశం. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు జానపద చిత్రమంటే కత్తి దూసిన రాజనాల ఉండాల్సిందే. ఆ కథ ముగిసేచోట ఒక ప్రశ్న మిగిలింది. జానపదాలు వెనకపట్టు పట్టాక విలన్ ఏమయ్యాడు? కిరీటం తీసేసి ఎక్కడికి వెళ్ళాడు?

వెళ్ళలేదు. బట్టలు మార్చుకున్నాడు. 1970ల నాటికి బెల్‌బాటమ్ ప్యాంటు, పెద్ద కాలరు చొక్కా వేసుకుని, సిగరెట్ ముట్టించి, మన వీధిలోనే తిరగడం మొదలుపెట్టాడు. డబ్బున్న ఇంటి చెడిపోయిన కొడుకు, స్నేహితుడిగా నటిస్తూ గొయ్యి తీసేవాడు, కాలేజీలో ఆడపిల్లల్ని ఏడిపించే పోకిరీ, పట్నంలో దొంగసొత్తు ముఠా నడిపేవాడు. ఈ కొత్త విలన్‌కి ముఖం ఇచ్చిన నటుల్లో ఒకాయన మన అద్దంకి పక్కవాడే. పేరు ఎర్రా శేషగిరిరావు. తెలుగు ప్రేక్షకులకు గిరిబాబు.

1943 జూన్ 8న రావినూతలలో పుట్టారు. అద్దంకికీ ఒంగోలుకీ మధ్య, మేదరమెట్ల, కొరిశపాడు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో ఒకటి రావినూతల. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఈ ప్రాంతమంతా గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. గిరిబాబు చిన్ననాటికి నాగార్జునసాగర్ కాలువా లేదు. సాగర్ నీరు వదిలింది 1967లో. అద్దంకి బ్రాంచి కాలువ మీద ఆధారపడ్డ పొలాలు ఆ తర్వాతి కథ. అంతకుముందు వానని నమ్ముకున్న మెట్ట. జొన్న, వరిగ, పొగాకు, కాస్త పత్తి, కాస్త మిరప. పొలం పని తెమిలిన నెలల్లో ఊరికి మిగిలేది తీరిక, ఆ తీరికలో నాటకం.

ఇక్కడ కొంచెం ఆగి అద్దంకి గురించి చెప్పుకోవాలి. మొనగాడి కథ చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. తెలుగులో దొరికిన తొలి పద్యశాసనాల్లో ముందు చెప్పుకునేది అద్దంకి శాసనం. క్రీ.శ. 848 ప్రాంతానిది. తరువోజ ఛందస్సులో ఉన్న ఆ పద్యం ఎవరి గురించి? తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడి గురించి. పన్నెండు బోయ స్థావరాలను గెలిచిన దండనాయకుడి ప్రతాపం గురించి. గెలిచినవాడి తరఫున చెక్కిన రాయి అది. ఓడిన బోయల కథ ఏ రాయి మీదా లేదు. ఐదు వందల ఏళ్ళ తర్వాత అదే అద్దంకి ప్రోలయ వేమారెడ్డికి రాజధాని అయింది. ఆయన కొలువులో ఉన్న ఎర్రన ‘హరివంశం’ రాసి రాజుకు అంకితమిచ్చాడు. ‘నృసింహపురాణం’ కూడా ఎర్రనదే. అంటే కంసుణ్ణీ హిరణ్యకశిపుణ్ణీ తెలుగు కావ్యంలో నిలబెట్టిన కవి ఇక్కడివాడే. రాక్షసుడి బలాన్ని తగ్గించి చెబితే దేవుడి బలం తెలియదని పురాణకవులందరికీ తెలుసు. ఆ సంగతి మన సినిమా రచయితలు కొందరు మరిచిపోయారు గానీ, మన పల్లె నాటకాలవాళ్ళు మరిచిపోలేదు.

పల్లె నాటకంలో గొప్ప వేషం ఎప్పుడూ నాయకుడిదే కాదు. దుర్యోధనుడి వేషం కోసం ఊళ్ళో పెద్దమనుషులు పోటీ పడేవారు. కీచకుడు, రావణుడు, ‘బాలనాగమ్మ’లో మాయల ఫకీరు వేషాలు కట్టేవాడికి గొంతు ఉండాలి, ఒడ్డూ పొడుగూ ఉండాలి. సోమరాజు రామానుజరావు ‘రంగూన్ రౌడీ’ ఊరూరా ఆడింది. ఆ పేరులోనే ఉన్నాడు కదా మొరటు మనిషి! ఈ ప్రాంతపు గొంతుకలకు సినిమా తొలినాళ్ళలోనే పిలుపు వచ్చింది. పద్యనాటకాల్లో పేరు మోసిన అద్దంకి శ్రీరామమూర్తి 1935 నాటి ‘హరిశ్చంద్ర’లో కన్నాంబ పక్కన హరిశ్చంద్రుడయ్యారు. అంతకుముందే, 1929లో, తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. 1940ల్లో ప్రజానాట్యమండలి వచ్చి ‘మాభూమి’ లాంటి నాటకాలతో పల్లెల్లో దొరనీ పెత్తందారునీ వేదిక ఎక్కించింది. పురాణ రాక్షసుడి పక్కన ఊరి రాక్షసుడు నిలబడ్డాడు. గిరిబాబు తరం పిల్లలు పెరిగింది ఈ రెండింటి మధ్య.

గుంటూరు, ప్రకాశం మైదానం తెలుగు సినిమాకు ఇచ్చిన గంభీరమైన ముఖాల పట్టిక చాలా పెద్దది. గుంటూరు ముక్కామల కృష్ణమూర్తి న్యాయశాస్త్రం చదివి, ‘మాయామచ్ఛీంద్ర’ (1945)తో తెర మీదికి వచ్చి, మాంత్రికులకూ క్రూర రాజులకూ పెట్టింది పేరయ్యారు. లింగాయపాలెం మిక్కిలినేని ప్రజానాట్యమండలి నుంచి వచ్చారు. దాచేపల్లి ధూళిపాళ ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లో శకుని వేశారు. ఆ శకునిని చూసినవాళ్ళకు మరో శకుని నచ్చడం కష్టం. వీళ్ళంతా పద్యం చెప్పగల గొంతుతో వచ్చినవారు. ఆ బరువైన గొంతే వారి కండ, వారి కత్తి.

గిరిబాబు దగ్గర ఉన్నది వేరు. నాజూకు ముఖం, దువ్విన జుట్టు, మంచివాడిలా నవ్వగల నవ్వు. 1970ల మొదట్లో ఒంగోలులో రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు. కోడంబాకం స్టూడియోల చుట్టూ, పాండీ బజారులో, పానగల్ పార్కు దగ్గర వేషాల కోసం తిరిగే తెలుగు కుర్రాళ్ళు కొల్లలు. ఆస్తి ఉన్న రైతు కుటుంబాల పిల్లలు కూడా అందులో ఉండేవారు. ఇంటి దగ్గర పొలం ఉంటే కొంత ధైర్యం. ఏడాది, రెండేళ్ళు వేషం రాకపోయినా నిలబడగలరు. తెలుగు సినిమాకు నటులూ నిర్మాతలూ ఎక్కువగా కోస్తా రైతు కుటుంబాల నుంచి ఎందుకు వచ్చారో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

1973లో ‘జగమే మాయ’ వచ్చింది. అట్లూరి పూర్ణచంద్రరావు తీసిన ఆ చిత్రం ఇద్దరు కొత్తవాళ్ళను పరిచయం చేసింది. ఒకరు గిరిబాబు, రెండోవారు ఏలూరు దగ్గర చాటపర్రు నుంచి వచ్చిన మురళీమోహన్. ఒకే చిత్రంతో మొదలైన ఇద్దరి దారులు చూడండి. మురళీమోహన్ మంచివాడైన నాయకుడి వైపు వెళ్ళారు, గిరిబాబు నాయకుణ్ణి ముప్పుతిప్పలు పెట్టేవాడి వైపు. అందం ఇద్దరికీ ఉంది. గిరిబాబు అందంలో దర్శకులకు ఒక ప్రమాదం కనిపించింది. నా అంచనాలో ఆ పదేళ్ళ సాంఘిక చిత్రాలకు అదే కావాలి. రాజనాలను చూడగానే విలన్ అని చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది. గిరిబాబు వస్తే మొదటి రెండు రీళ్ళు నమ్మాలనిపిస్తుంది. మంచి సంబంధమని ఆడపిల్ల తండ్రి నమ్ముతాడు, స్నేహితుడని నాయకుడు నమ్ముతాడు. ఆ నమ్మకం తెగిపోయే క్షణం మీద కథ నిలబడుతుంది.

ఆ రోజుల్లో ఆ వరుసలో ఉన్నవాళ్ళను గుర్తు చేసుకుంటే గిరిబాబు స్థానం ఇంకా స్పష్టమవుతుంది. నాగభూషణం వెటకారం మరొకరికి రాదు. రావు గోపాలరావు 1975లో ‘ముత్యాల ముగ్గు’ కాంట్రాక్టరుగా మాటనే ఆయుధం చేసుకున్నారు. కైకాల సత్యనారాయణ, ప్రభాకరరెడ్డి, త్యాగరాజు దేహబలం చూపించగలరు. మోహన్‌బాబు ‘స్వర్గం నరకం’ (1975)తో వచ్చి ఆ తర్వాత సంభాషణతోనే వణికించారు. ఇందరిలో గిరిబాబు పక్కింటి కుర్రవాడు. ప్రేక్షకుడు తన ఊళ్ళో చూసిన మనిషి.

ఈ పనిలో ఒక నేర్పు గురించి పత్రికలు పెద్దగా రాయలేదు. ఫైటు సీనులో దెబ్బ తగలదు. నాయకుడి పిడికిలికీ విలన్ దవడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కనిపించకుండా కెమెరాను పక్కకి పెడతారు. చప్పుడు తర్వాత స్టూడియోలో కలుపుతారు. మరి దెబ్బ పడిందని మనకెందుకు అనిపిస్తుంది? తిన్నవాడు తల తిప్పిన తీరు వల్ల, ఒళ్ళు వెనక్కి విసిరిన తీరు వల్ల, సరిగ్గా ఆ క్షణానికే పడిపోయిన తీరు వల్ల. ఒక్క రెప్పపాటు ముందు పడితే జనం నవ్వుతారు, ఆలస్యమైతే నాయకుడి బలం పోతుంది. బల్లల మీద, అట్టపెట్టెల మీద, కొన్నిసార్లు ఉత్త నేల మీద పడాలి. తెలుగు నాయకుల కండబలం అని మనం చప్పట్లు కొట్టిందంతా విలన్ వేషధారులూ ఫైటర్లూ కలిసి కట్టి ఇచ్చిన సొమ్ము. గిరిబాబు లాంటివాళ్ళు దానిని వందల చిత్రాల్లో కట్టి ఇచ్చారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. 1970, 80 దశకాల్లో విలన్‌కి రాసిన దృశ్యాల్లో ఆడవాళ్ళ మీద అత్యాచారాలు తరచూ ఉండేవి. కథకు అక్కర ఉన్నా లేకపోయినా రాసేవారు, పోస్టర్ మీద కూడా వేసేవారు. ఆ దృశ్యాలు చూపించిన తీరు తప్పు. ఆ తప్పులో రచయిత, దర్శకుడు, నిర్మాత, పంపిణీదారు అందరికీ వాటా ఉంది. మాట పడింది మాత్రం ఆ వేషం కట్టినవాడు.

గిరిబాబు కూలి వేషాలతో ఆగలేదు. తెరప్రవేశం చేసిన నాలుగేళ్ళకే, 1977లో, ‘దేవతలారా దీవించండి’ నిర్మించారు. దర్శకుడు కొమ్మినేని శేషగిరిరావు. నాగిని పగ కథ. మరుసటి ఏడాది కృష్ణ నాయకుడిగా ‘సింహగర్జన’. రెండూ కొమ్మినేని దర్శకత్వంలోనే వచ్చాయి. విలన్ వేషాలు వేసి సంపాదించిన డబ్బు మళ్ళీ సినిమాలోనే పెట్టడం చిన్న నిర్ణయం కాదు. మెట్ట వ్యవసాయం చూసినవాడికి ఇది అర్థమవుతుంది. పోయినేడు మిరప కలిసొస్తే ఈ ఏడు పొలం కౌలుకి తీసుకుని మరీ మిరప వేసే రైతు తెగువే ఇది.

ఆయన నిర్మాతగా వెళ్ళిన దారి గమనిస్తే ఒక మక్కువ కనిపిస్తుంది. గుర్రాలు, తుపాకులు, దుమ్ము రేపే వెంటాటలు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చి తెలుగువాడికి కౌబాయ్‌ని చూపించింది. ఆరుద్ర రచన, రాజస్థాన్ ఎడారి, ఇటలీవాళ్ళు తీసిన అమెరికా పడమటి కథల ఛాయ. ఆ గాలి గిరిబాబుకు బాగా సోకింది. 1984లో సుమన్, భానుచందర్‌లతో ‘మెరుపు దాడి’ తీశారు. 1990లో తన రెండో కొడుకు బోసుబాబును నాయకుణ్ణి చేసి ‘ఇంద్రజిత్’ అనే కౌబాయ్ చిత్రానికి తానే దర్శకత్వం వహించారు. అదే సంవత్సరం ఆగస్టులో చిరంజీవి ‘కొదమసింహం’ విడుదలైంది. అదీ కౌబాయ్ చిత్రమే. అగ్రనటుడి గుర్రం పక్కన కొత్త కుర్రాడి గుర్రాన్ని ఎంతమంది చూస్తారు? బోసుబాబు నాయకుడిగా నిలదొక్కుకోలేదు.

నా దృష్టిలో గిరిబాబు జీవితంలో అసలు ఆసక్తికరమైన ఘట్టం ఇక్కడే ఉంది. అప్పటికే విలన్ మళ్ళీ మారిపోయాడు. మార్చినవాళ్ళలో ముఖ్యుడు ప్రకాశం జిల్లావాడే. టంగుటూరు దగ్గరి కాకుటూరివారిపాలెం నుంచి వచ్చిన టి.కృష్ణ ‘నేటి భారతం’ (1983) తర్వాత 1985లో ‘ప్రతిఘటన’ తీశారు. చరణ్‌రాజ్ వేసిన కాళి, కోట శ్రీనివాసరావు వేసిన మంత్రి కాశయ్య కలిసి కొత్త దుష్టుణ్ణి నిలబెట్టారు. రౌడీ వెనుక రాజకీయం, రాజకీయం వెనుక పోలీసు. టి.కృష్ణ 1986లో చిన్న వయసులోనే పోయారు. ఆయన చూపించిన దుష్టుడు మాత్రం తెలుగు తెర మీద స్థిరపడిపోయాడు. అదే జిల్లా మైనంపాడు నుంచి వచ్చిన మాదాల రంగారావు ‘యువతరం కదిలింది’ (1980), ‘ఎర్రమల్లెలు’ (1981)తో అప్పటికే దోపిడీదారుణ్ణి విలన్‌గా నిలబెట్టి ఉన్నారు. బయట లోకంలో కూడా అవి తేలికైన రోజులు కావు. 1987లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం పత్తి చేలు నాశనమయ్యాయి. అప్పులపాలైన రైతులు పురుగుల మందు తాగి చనిపోయారు. అలాంటి రోజుల్లో బెల్‌బాటమ్ పోకిరీని చూసి భయపడేవాడు ఎవడు?

ఆ తర్వాత 1990ల చివర ఫ్యాక్షన్ వచ్చింది. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999)లతో సీమ యాసను భయంకరం చేసిన జయప్రకాశ్‌రెడ్డి గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేసినవారు, 2020లో అక్కడే కన్నుమూశారు. ముంబయి నుంచి దిగుమతి విలన్లు కూడా వచ్చారు. గొంతు మరొకరిది, ముఖం మాత్రమే వాళ్ళది.

ఇంత మార్పులో పాత విలన్లు చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. కిందటి భాగంలో రాజనాల చివరి రోజుల లేమి చదివి చాలామంది పాఠకులు బాధపడ్డారు. గిరిబాబు విషయంలో అలా జరగలేదు. ఎందుకంటే ఆయన కోపాన్ని వదిలేసి హాస్యంలోకి, ఆ తర్వాత తండ్రి, మామ, బాబాయి వేషాల్లోకి నడిచి వెళ్ళారు. పదునైన చూపునే కొంచెం అతిగా పెడితే నవ్వు వస్తుందని కనిపెట్టిన నటుడాయన. భార్యకు జడిసే భర్త, డాంబికాలు పోయే జమీందారు, అల్లుడి చేతిలో వెర్రివాడయ్యే మామ. పాత విలన్‌గా మనకు గుర్తుండటం వల్లే ఈ వేషాలు మరింత పండాయి. 2000లో వచ్చిన ‘నువ్వే కావాలి’ చూడండి. ఇరుగుపొరుగు ఇళ్ళలో స్నేహితులైన ఇద్దరు తండ్రులు. ఒకరు గిరిబాబు, ఒకరు చలపతిరావు. ఇద్దరూ అంతకుముందు పాతికేళ్ళ పాటు తెలుగు తెర మీద చేయని దుర్మార్గం లేదు. ఆ చిత్రంలో పిల్లల పెళ్ళిళ్ళ గురించి దిగులుపడే మెత్తని మనుషులు. కొత్త తరం ప్రేక్షకులు వాళ్ళను ఆ రూపంలోనే మొదట చూశారు.

పెద్ద కొడుకు రఘుబాబు దారి కూడా తండ్రిదే. మొదట విలన్ల పక్కన బెదిరించే మనిషి, తర్వాత ఆ బెదిరింపుతోనే నవ్వించే మనిషి. 2005 నాటి ‘బన్ని’ తర్వాత ఆయన హాస్యానికి తిరుగులేదు. తండ్రికి ఇరవై ఏళ్ళు పట్టిన ప్రయాణాన్ని కొడుకు కొద్ది ఏళ్ళలో పూర్తి చేశాడు. రావినూతల పేరు రెండో తరానికీ అందింది.

గిరిబాబు గొప్ప నటుడా? ఎస్వీ రంగారావు, నాగభూషణం, రావు గోపాలరావు నిలబడ్డ మెట్టు మీద ఆయన్ని నిలబెట్టలేను. ఆ ముగ్గురూ ఒక పాత్రను మన భాషలోకి దింపి వెళ్ళారు. గిరిబాబు అలాంటి ఒక్క పాత్రతో గుర్తుండే నటుడు కారు. అయినా ఆయన లేకపోతే 1970ల సాంఘిక చిత్రం నిలబడదు. నాయకుడు ఎవరైనా కానివ్వండి, వారికి ఎదురు నిలబడి, నమ్మించి, మోసం చేసి, చివరి రీలులో సరిగ్గా పడిపోయే నటుడు కావాలి. ఆ పనిని అలసట కనిపించనీయకుండా చేసి, పైగా సొంతంగా సినిమాలు తీసి, నష్టాన్ని తట్టుకుని, మళ్ళీ వేషానికి వెళ్ళగలగడం అరుదు. ప్రతినాయకుల చరిత్రలో దీర్ఘాయుష్షు కూడా ఒక ప్రతిభే అని నేను నమ్ముతాను.

ఇక పాఠకులకు ఒక విన్నపం. అద్దంకి, మేదరమెట్ల, మార్టూరు, సంతమాగులూరు, బల్లికురవ పల్లెల్లో 1950, 60 దశకాల్లో ఆడిన నాటకాల కరపత్రాలు, వేషాల ఫొటోలు, హార్మోనియం మాస్టర్ల నోటుపుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. దుర్యోధనుడి వేషం కట్టిన తాతలు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. సినిమాకు వెళ్ళినవాళ్ళ కథ ఏదో ఒక రూపంలో మిగిలింది. వెళ్ళకుండా ఊళ్ళోనే ఉండిపోయిన విలన్ల కథ ఎక్కడా లేదు. మీ ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే దాని వెనుక ఊరి పేరు, నాటకం పేరు, వేషధారి పేరు, సంవత్సరం ఈ వారమే రాసి పెట్టండి. ఆ తాతల చేత ఒక్క సాయంత్రం మాట్లాడించి, ఫోనులో రికార్డు చేయండి.

(వచ్చే భాగం: దాచేపల్లి ధూళిపాళ)